ఎడమ పేజీ

"మా ఆవిడకి అసహ్యం అనేది లేదు. అదే ఆవిడలో గొప్ప," అని మా ఆయన హాల్లో ఫోనులో అంటున్నారు. ఆ సమయానికి నేను స్నానాలగది తూములో మోచేతిదాకా చెయ్యి పెట్టి అడ్డం పడిన జుట్టు లాగుతున్నాను. సబ్బు జిడ్డుతో పేనుకుపోయి, బూడిదరంగులో, ఎలుక తోకలా వచ్చింది. దాన్ని కాగితంలో చుట్టి, చెయ్యి కడుక్కుని, ఇంకా ఏమంటారో వినడానికి అక్కడే నిలబడ్డాను.

"నువ్వేం బెంగపెట్టుకోకురా. మీ పిన్ని ఉంది కదా. మా అమ్మకి ఆరేళ్ళు మంచంలో అన్నీ చేసింది. ముక్కు కూడా ముడవలేదు. అన్నయ్యకి చెయ్యదూ?"

అవతల ఉన్నది మా బావగారి కొడుకని అర్థమైంది. మా ఆయన అన్నగారికి పక్షవాతం వచ్చి నెల దాటింది. ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఇక మేం చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళండని ఆస్పత్రివాళ్ళు చెప్పారట. ఎవరింటికన్నది రెండు వారాలుగా ఫోనుల్లో నలుగుతోంది. ఆ నలుగుడంతటిలో నన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఇంట్లో మంచం ఎక్కడ వేయాలో అడుగుతారు, కిటికీ తెరవాలా మూయాలా అని అడుగుతారు. చేసే మనిషిని అడగరు.

ఫోను పెట్టేసి వచ్చి, "అన్నయ్యని మన దగ్గరికే తెద్దామనుకుంటున్నాం. ఆదివారం వాడూ, అక్కయ్యా వస్తారు, మాట్లాడుకుందాం," అన్నారు.

"మరి నా క్లాసు?"

"ఏ క్లాసు?" అని, గుర్తొచ్చి నవ్వారు. "ఓ, ఆ పురుగుల క్లాసా! ఈ వయసులో నువ్వు చూడకపోతే ఆ పురుగులేం బెంగపెట్టుకోవులే."

ఇక ఆ క్లాసు సంగతి చెప్పాలి. మా ఇంటికి రెండు స్టాపుల అవతల కమ్యూనిటీ కాలేజీ ఉంది. పొద్దున్నపూట కుర్రకారుకి, మధ్యాహ్నాలు మాలాంటివాళ్ళకి. నేను పుస్తకాలు తెచ్చుకునే లైబ్రరీ గోడ మీద మూడు నెలల కిందట ఒక కాగితం అంటించారు. "తెలుసుకోవాలనే కోరిక ఉన్న పెద్దలకు తరగతులు. వయసు అడగం. చదువు అడగం. పరీక్షలు లేవు." మూడుసార్లు చదివాను. నాకు పెదాలు కదపకుండా చదవడం ఇప్పటికీ రాదు. మూడో తరగతిలో బడి మాన్పించారు. ఆ తర్వాత నేర్చుకున్నదంతా పొట్లాల కాగితాల మీదా, మా అమ్మాయి పుస్తకాలకి అట్టలు వేసేటప్పుడూ నేర్చుకున్నదే. కింద క్లాసుల పేర్లున్నాయి. తోటపని, నక్షత్రాలు, కుట్లు అల్లికలు, నాలుగోది "కంటికి కనబడనివి." దాని దగ్గర ఆగిపోయాను. నాకు కంటికి కనబడకుండా పోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. నిజం చెప్పాలంటే అదేదో చనిపోయినవాళ్ళ గురించి చెప్పే క్లాసనుకునే పేరిచ్చాను. మొదటిరోజు వెళ్ళేసరికి బల్లల మీద ఏడు మైక్రోస్కోపులు, కాళ్ళు అందని ఎత్తు స్టూళ్ళు. లేచి వచ్చేద్దామంటే టీచరమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. సిగ్గుపడి కూచున్నాను. అలా కూచున్నదాన్ని ఎనిమిది వారాలు ఒక్కరోజు కూడా మానలేదు.

టీచరమ్మ మా అమ్మాయి కంటే చిన్నది. ఆమె పద్ధతి ఒకటి ఉంది. ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం మేం ఇంటినుంచి ఏదో ఒకటి తీసుకెళ్ళాలి. కుండీలో నీళ్ళ చుక్క, రొట్టె మీద బూజు, గోరుకింద మట్టి, ఏదైనా సరే. దాన్ని గాజుపలక మీద పెట్టి, మైక్రోస్కోపులోకి చూసేముందు నోట్సు ఎడమ పేజీలో దాన్ని చూస్తే మనకేమనిపిస్తోందో రాయాలి. చూశాక కుడి పేజీలో, కనబడింది కనబడినట్టు రాయాలి. కుడి పేజీలో బాగుంది, బాగాలేదు అని రాస్తే కొట్టేస్తుంది. "అది ఎడమ పేజీ సరుకండీ," అంటుంది.

నా కుడి పేజీలంటే ఆమెకి చాలా ఇష్టం. గాజుపలక మీద పొర పలచగా పరవడం, మీద చిన్న గాజురేకు గాలిబుడగ పడకుండా దించడం నాకు రెండోరోజుకే పట్టుబడ్డాయి. నా పక్కన కూచునే రిటైరైన బస్సు కండక్టరు చేతులు వణికి నాలుగు రేకులు పగలగొట్టి, "టిక్కెట్లు చింపిన చేతులండీ, ఇవి చింపడానికే పనికొస్తాయి," అని నవ్వి, తన పలక కూడా నా ముందుకి తోసేవాడు. నాకు భూతద్దంగారని పేరు పెట్టాడు. ఇన్నేళ్ళలో నాకు పనిని బట్టి వచ్చిన మొదటి పేరు అది.

ఒక శుక్రవారం దర్జీ పని చేసే ఆవిడ వంటింటి మసిగుడ్డ పిండిన నీళ్ళు తెచ్చింది. చూసి, "అమ్మో! నేనీ గుడ్డతోనే కంచాలు తుడిచాను!" అని స్టూలు దిగి పరిగెత్తింది. అందరూ నవ్వుతూ, ఛీ అనుకుంటూ వంతులవారీగా చూశారు. నేను చూసి నా రాతలో పడ్డాను. టీచరమ్మ నా వెనక నిలబడి, నోట్సు వెనక్కి వెనక్కి తిప్పింది.

"అమ్మా, మీ ఎడమ పేజీలన్నీ ఖాళీగా ఉన్నాయేంటి?"

"ఏమీ అనిపించలేదమ్మా, రాయలేదు."

"పదహారు వాటిల్లో ఒక్కదానికీ అనిపించలేదా? చెవిలో గులిమికి కూడా?"

"భూతద్దంగారికి కళ్ళే గానీ ముక్కు లేదండీ," అన్నాడు కండక్టరు.

నేనూ నవ్వాను. టీచరమ్మ నవ్వలేదు. "వచ్చే విడతలో నాకు పలకలు తయారుచేసిపెట్టే మనిషి కావాలమ్మా. మిమ్మల్నే అడుగుదామనుకుంటున్నాను. మీరు కొత్తవాళ్ళకి నేర్పించాలి. కానీ రెండు పేజీలూ రాసేవాళ్ళయితేనే నేర్పగలరు," అంది.

బస్సులో ఇంటికొస్తూ ఆ మాటే అనుకున్నాను. నేర్పించడం! నేను! కిటికీలో నా ముఖం చూసి నాకే నవ్వొచ్చింది. వెంటనే భయమేసింది. నాకు ఏ మంచి వెనకయినా భయమే నడిచొస్తుంది. ఇల్లు వదిలి మూడు గంటలయితే ఇంట్లో ఎవరికో ఏదో అయిపోయినట్టే ఉంటుంది. క్లాసు కాగానే ఇంటికి ఫోను చేస్తాను. "చచ్చానో బతికానో చూసుకోడానికా?" అంటారు మా ఆయన. అంతే మరి. నా వాళ్ళెవరూ నేను చూస్తుండగా వెళ్ళలేదు. మా అమ్మకి బాగాలేదని కబురొచ్చిన రోజు నేను మా అత్తగారిని పక్కకి తిప్పి వీపు తుడుస్తున్నాను. "ఈవిడనెవరు చూస్తారు? రెండు రోజులాగి వెళ్దువుగానిలే, అంత తొందరేం లేదు," అన్నారు మా ఆయన. రెండు రోజులాగి వెళ్ళేసరికి మా తమ్ముడు గుమ్మంలో కూచుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. మా అమ్మాయి ఉద్యోగానికని పెట్టె సర్దుకుని వెళ్ళినరోజూ అంతే. అత్తగారు పక్క తడిపారు, నేను దుప్పటి మారుస్తున్నాను. "అమ్మా, వెళ్తున్నా," అని గేటు దగ్గర్నుంచి కేక వినబడింది. తడిచేతులతో పరిగెత్తి వచ్చేసరికి బండి మలుపు తిరిగింది. తర్వాత ఎన్నిసార్లు వచ్చిందో, ఎన్నిసార్లు వెళ్ళిందో! నాకు మాత్రం ఆ మలుపే కనబడుతుంది.

ఆ సాయంత్రం ఎప్పట్లాగే మా ఆయన కట్టుడు పళ్ళు తీసి, తిన్న కంచం పక్కన, బల్లమీద పెట్టారు. పదకొండేళ్ళుగా అంతే. ఆయన పెడతారు, నేను కడుగుతాను. ఒక్కరోజూ అడగలేదు, ఒక్కరోజూ చెప్పలేదు, ఎలాగో అది నా పనయిపోయింది. సింకు దగ్గర నిలబడి బ్రష్షు తీసుకున్నాను. అప్పుడు గమనించాను, నేను ఊపిరి పీల్చడం లేదు. గుండెలో గాలి బిగబట్టి, పెదాలు బిగించి, పని చేస్తున్నాను. ఎప్పట్నించి ఇలా? మొదటిరోజు గుర్తొచ్చింది. అత్తగారి మంచం పక్కన నాకు వాంతయింది. గుమ్మంలో నిలబడి మా పెద్దాడపడుచు, "ఇప్పుడే ఇలా వాంతులయితే రేపు కూతురి పురుడెలా పోస్తావు? ఆడదానికి అసహ్యమేంటి, చోద్యం కాకపోతే," అంది. ఆ మర్నాటి నుంచి నేను ఊపిరి బిగబట్టడం నేర్చుకున్నాను. ముక్కుతో కాకుండా నోటితో పీల్చడం, మనసులో అంకెలు లెక్కపెట్టడం, అదే చేత్తో పది నిమిషాల్లో అన్నం కలుపుకోవడం. ఆరేళ్ళలో ఎంత బాగా వచ్చిందంటే, అది నేను చేస్తున్న పనని కూడా మర్చిపోయాను. వాళ్ళు దాన్ని నా గుణం అన్నారు. నేను కూడా నా గుణమే అనుకున్నాను.

బ్రష్షు దించి, ముక్కుతో నిండుగా గాలి పీల్చాను. పుల్లటి కంపు, కుళ్ళిన ఆకుకట్టలాంటి కంపు. గులాబీరంగు చిగురు పక్కన పసుప్పచ్చటి పొర, దాన్లో ఇరుక్కున్న మధ్యాహ్నపు తిండి.  సింకు అంచు పట్టుకుని వాంతి చేసుకున్నాను. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఎంతకాలం తర్వాతో ఇంటికొచ్చిన సొంతమనిషిని చూసినట్టనిపించింది, సిగ్గులేకుండా చెప్తున్నాను. తర్వాత ఆ పొరని కొంచెం గీకి, చిన్న సీసాలో వేసుకున్నాను.

మంగళవారం దాన్ని నీలంరంగు చుక్కవేసి చూశాను. కుడి పేజీలో రాశాను. ఎడమ పేజీలో కూడా రాశాను, మొదటిసారి. అది నిండిపోయి అంచుల్లోకి పాకింది. తెచ్చినదాని పేరు రాసే చోట మాత్రం "ఇంట్లో రోజూ కడిగే వస్తువు" అని రాశాను. ఆ మాత్రం మర్యాద మిగిలే ఉంది నాలో.

ఆదివారం పెద్దాడపడుచూ, బావగారి కొడుకూ వచ్చారు. కూచున్నారు, తిన్నారు, మాట్లాడుకున్నారు. నేను కంచాలు తీస్తూ వింటున్నాను.

"మా ఇంట్లో కుదరదు బాబాయ్. మా ఆవిడకి ఇలాంటివి పడవు, వాంతులు చేసుకుంటుంది," అన్నాడు కొడుకు.

"మరి నీకు?" అన్నాను.

"నాకా?" అని నావైపు చూశాడు. కోపం కాదు, వెటకారం కాదు, పాపం, వాడికి ప్రశ్న అర్థం కాలేదు. "నాకేంటి పిన్నీ?"

"దానికి క్లాసు బెంగరా," అన్నారు మా ఆయన. "చెప్పలేదు కదూ, మీ పిన్ని పెద్ద శాస్త్రవేత్త అయిపోయింది. ఉండు, చూపిస్తా." బల్లమీది నా నోట్సు అందుకున్నారు. "వద్దండీ," అన్నాను. ఆయనకి నా వద్దు ఎప్పుడూ వినబడదు. చివర రాసిన పేజీ తెరిచి, కళ్ళజోడు సర్దుకుని, వార్తలు చదివినట్టు గొంతు పెట్టి చదివారు.

"ఇంట్లో రోజూ కడిగే వస్తువు. నలిగిన కాగితాల్లాంటి పలచటి పొరలు. వాటిమీద గుంపులుగా కడ్డీల్లాంటివి, చుక్కల్లాంటివి, కొన్ని పూసలు గుచ్చినట్టు గొలుసుగా. ఒక మూల కుళ్ళిన పీచు, దానిచుట్టూ అవే, లెక్కపెట్టలేనన్ని. కొన్ని కదులుతున్నాయి."

"అబ్బ ఛీ ఛీ, తిని లేచాం, ఆపరా!" అని ఆడపడుచు నోరు మూసుకుంది. బావగారి కొడుకు మొహం పక్కకి తిప్పుకున్నాడు. మా ఆయనకి ఇంకా హుషారొచ్చింది. ఎడమ పేజీకి దిగారు.

"కంపు. పెంట మీద పోసిన చద్ది. ఇది ముట్టుకున్న చెయ్యి నాది కాకపోతే బాగుండుననిపిస్తుంది..." అక్కడ ఆయనకే వెగటుపుట్టి నోట్సు బల్లమీద పడేశారు. "ఛ! అసలెక్కడ దొరుకుతుందే నీకీ రోత?"

"మీ నోట్లో," అన్నాను.

 ఆయన నాలుక బుగ్గలోపల ఆ పళ్ళను తడుముకోవడం కనబడింది. అది తడుముకుని, ఆగిపోయింది.

"నలుగురిలో నా పరువు..."

"పరువు కాదండీ, పాచి."

"ఏంటే ఆ మాటలు!" అంది ఆడపడుచు.

"వదినా, నాకు అసహ్యం లేదని మీరంతా అంటుంటారు. నాకుంది."

"ఎప్పట్నించి?" అంది, జబ్బు గురించి అడిగినట్టు.

"అత్తగారి మంచం దగ్గర మొదటిరోజు నుంచి. మీరు చూశారు కూడా."

"అంటే మా అమ్మకి చేసింది ఇప్పుడు దెప్పుతున్నావన్నమాట!"

"దెప్పట్లేదు వదినా. చెప్తున్నాను. నా అసహ్యం ఆవిడ మీద కాదు, ఆవిడ పాపం ఏం చేస్తుంది. మీరంతా గుమ్మం అవతల నిలబడి, ముక్కుకి గుడ్డ అడ్డంపెట్టుకుని, బాగా చేస్తోంది అనేవారే, దాని మీద."

 కంచాలు కింద పెట్టేశాను, పగులుతాయని. లోపల ఎప్పుడూ ఉండే భయం, వీళ్ళంతా లేచి వెళ్ళిపోతారు, ఇక రారు, ఆ మలుపులో ఇంకో బండి తిరుగుతుంది అని. అయినా మాట ఆగలేదు.

"బావగారిని తీసుకురండి. ఆయన్ని వద్దనడానికి నాకు నోరు రాదు. కానీ ఆయనకి కడగడం, తుడవడం, మార్చడం ఆయన తమ్ముడు చేస్తారు. ఆదివారాలు కొడుకు వచ్చి చేస్తాడు. వంట నేను చేస్తాను. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు నేనింట్లో ఉండను. ఇప్పుడే కాదు, వచ్చే విడత కూడా ఉండను."

"నాకెలా చేతనవుతుందే?" అన్నారు మా ఆయన. నిజంగానే అడిగారు. డెబ్బైరెండేళ్ళ మనిషి, ఆఫీసులో నలభైమంది చేత పనిచేయించినవారు. "ఈ వయసులో నేనవన్నీ నేర్చుకోవాలా?"

"నేను నేర్పిస్తాను. వయసు అడగం, పరీక్షలు లేవు."

నవ్వలేదు ఎవరూ. నేను హాస్యానికి అనలేదు.

పది రోజుల తర్వాత బావగారొచ్చారు. ఎడమవైపంతా పడిపోయింది, మాట ముద్దముద్దగా వస్తోంది. మొదటిసారి దుప్పటి తీయగానే ఆయన మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చారు. "బావగారూ, సిగ్గుపడకండి, మీ తమ్ముడే," అన్నాను. నేను మంచానికి ఇవతల నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని చెప్పాను. భుజం కింద చెయ్యి, తుంటి కింద చెయ్యి, ఒక్కసారే తిప్పాలి. దుప్పటి సగం మడిచి అటు తొయ్యాలి. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, ముందు మీ మణికట్టు మీద చూసుకోండి. తడి ఉంచితే పుండవుతుంది. మా ఆయన చేశారు. వంకరగా, కసురుకుంటూ, సగంలో రెండుసార్లు బయటికెళ్ళొచ్చి చేశారు. "నువ్వయితే రెండు నిమిషాల్లో చేసేదానివి," అన్నారు. "అవును," అన్నాను. ఊపిరి సంగతి ఒక్కటి మాత్రం ఆయనకి చెప్పలేదు. బావగారు నావైపు చూసి, ఏదో అన్నారు. మళ్ళీ అడిగితే అర్థమైంది. "వాడి చేతులు చల్లగా ఉన్నాయమ్మా," అంటున్నారు. నాకు ఆయన మీద జాలేసింది. ఆ జాలి వెంటనే నా చేతుల్లోకి దిగిపోవాలని చూసింది, అలవాటు కదా. చేతులు వెనకే ఉంచుకున్నాను.

శుక్రవారం క్లాసుకి బయల్దేరుతుంటే మా ఆయన గుమ్మం దాకా వచ్చి, "ఏమైనా అయితే?" అన్నారు. ఆయనకి తెలుసు ఆ మాట నాకెక్కడ తగులుతుందో. బస్సులో దారంతా అదే నా పక్కన కూచుని వచ్చింది. నేను తిరిగి వెళ్ళేసరికి గుమ్మంలో మా ఆయన కూచుని ఉన్నట్టు, నన్ను చూసి లేవనట్టు.

క్లాసులో ఆరోజు కండక్టరు నేరేడుపళ్ళ రంగు సిరా నీళ్ళలో కలిపి తెచ్చాడు. టీచరమ్మ నన్ను ముందు నిలబెట్టి, పలక ఎలా పరవాలో కొత్తగా చేరిన ఇద్దరికి చూపించమంది. చేతులు వణక్కుండా రేకు దించుతుండగా బల్లమీద ఫోను కొట్టుకుంది. ఆగింది. మళ్ళీ కొట్టుకుంది. మూడోసారి మోగేటప్పటికి నా వేళ్ళకింద రేకు విరిగింది. పరుగున ఎత్తాను.

"ఏమైంది? బావగారికేమైంది?"

"ఏం కాలేదు. పక్కంతా పాడు చేశాడు. పొద్దుట్నుంచి మూడోసారి. నువ్వు వచ్చెయ్."

గోడకి ఆనుకున్నాను.  వెనకాల కండక్టరు కొత్తవాళ్ళతో, "భూతద్దంగారు వస్తారు, ఆగండి, మీరు ముట్టుకోకండి, పగలగొడతారు," అంటున్నాడు.

"నాలుగింటికి అయిపోతుంది. అయిదింటికల్లా వస్తాను," అన్నాను.

 ఆయన గొంతు తగ్గించి, బాధగా, పెద్దమనిషిలా అన్నారు. "అంటే అప్పటిదాకా అన్నయ్య అలాగే పడి ఉండాలా?"

"ఉండకూడదు," అన్నాను. "కడగండి."